చచ్చినవాడి కళ్ళు చారెడు

ఉత్తర ఐరోపా ఊబిలో ప్రాచీన కాలపు శవం దొరికితే డాక్టరు కన్నా ముందు పూజారి వచ్చేస్తాడు. రక్తమాంసాల పూజారి కాదు, పండితుల బుర్రలో పుట్టి మ్యూజియం బోర్డు మీద స్థిరపడ్డవాడు. మెడకు తాడు ఉందా? బలి. లేదా? తాడు వాడని బలి. తెలియనిదాన్ని మనం 'తెలియదు' అంటాం. తవ్వకాల శాస్త్రంలో దాన్ని 'మతకర్మ' అంటారు.

1835లో డెన్మార్క్‌లోని హరాల్డ్‌స్కేర్ ఊబిలో ఓ స్త్రీ శవం బయటపడింది. పదో శతాబ్దపు రాణి గున్‌హిల్డ్ అని తేల్చేశారు. ఆరో ఫ్రెడరిక్ రాజు నగిషీ పెట్టె చేయించి చర్చిలో పెట్టించాడు. తర్వాత కార్బన్ పరీక్ష చేస్తే, ఆవిడ ఆ రాణి కన్నా దాదాపు 1500 ఏళ్ళ ముందే పోయిందని తెలిసింది. ఆలూ లేదు చూలూ లేదు, శవం పేరు గున్‌హిల్డ్!

1952లో జర్మనీలోని విండెబీలో ఇంకో శవం. 'అమ్మాయి' అన్నారు. జుట్టు ఒక పక్క పొట్టిగా ఉంది కాబట్టి 'వ్యభిచారానికి శిక్ష' అన్నారు. సాక్షి, జర్మన్లలో అలాంటి శిక్ష ఉండేదని రాసిన రోమన్ చరిత్రకారుడు టాసిటస్. ఆయన జర్మనీ నేల మీద కాలు పెట్టిన దాఖలా లేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు కదా, ఆయన అడుసు తొక్కకుండానే రాశాడు. మన పండితులు ఆ రాత తొక్కి ఇంకా కాళ్ళు కడుక్కుంటున్నారు. పక్కనే దొరికిన మగ శవాన్ని 'ప్రియుడు' చేశారు. చివరికి తేలిందేమిటి? ఆ 'అమ్మాయి' పదహారేళ్ళ అబ్బాయి. జుట్టు పోయింది తవ్వినవాళ్ళ పార వల్ల కావచ్చు. 'ప్రియుడు' శతాబ్దాల ముందే చచ్చిపోయాడు. ఎంత ఓపిక గల ప్రేమో!

1984లో ఇంగ్లండ్‌లో దొరికిన లిండో మనిషి కడుపులో బదనిక పుప్పొడి రేణువులు నాలుగంటే నాలుగు. గోళ్ళు తీరుగా ఉన్నాయి. డ్రూయిడ్‌లనే ప్రాచీన పూజారులకు బదనిక పవిత్రం కదా! ఇంకేం, 'డ్రూయిడ్ యువరాజు' అంటూ 1989లో పుస్తకమే వచ్చింది. గోళ్ళు కత్తిరించుకున్న ప్రతివాడూ యువరాజైతే మా వీధి సెలూను రాజదర్బారే.

హత్యలే జరగలేదని నేననను. డెన్మార్క్ ఊబిలో దొరికిన టోలుండ్ మనిషి మెడకు తోలు ఉరితాడు ఉంది. అక్కడిదే మరో శవం, గ్రౌబలె మనిషి గొంతు ఈ చెవి నుంచి ఆ చెవి దాకా తెగి ఉంది. అయితే కత్తి గొంతును కోస్తుందే గానీ, కారణం రాసిపెట్టదు. దేవుడి కోసం కోసినా, పగతో కోసినా, దొంగతనానికి శిక్షగా కోసినా గాయం ఒకటే. నిజంగా బలే కావచ్చు. ఆ 'కావచ్చు' అనే మాటకే మ్యూజియం బోర్డు మీద చోటు దొరకదు. తాము పట్టిన శవానికి మూడే కాళ్ళు!

నవ్వుకుని వదిలేయొచ్చు కదా అంటారా? 1937లో నాజీ నాయకుడు హిమ్లర్ తన ఎస్.ఎస్. దళం అధికారులకు ఈ ఊబి శవాల కథే చెప్పాడు. పూర్వీకులు స్వలింగ సంపర్కులను ఊబిలో ముంచేవారని, అది శిక్ష కాదు, అలాంటి బతుకును ఆర్పేయడమేనని మెచ్చుకున్నాడు. పండితులు బురదలోంచి తీసిచ్చిన కథే అది. స్వలింగ సంపర్కులను నాజీలు నిర్బంధ శిబిరాలకు పంపారు. అక్కడ ఎవరు బలయ్యారో, పూజారి ఎవరో చెప్పడానికి ఏ కార్బన్ పరీక్షా అక్కర్లేదు.