ఒకటిన్నర తీగ, ఏడు వేల వాట్లు

ఏ ఇల్లు తగలబడినా మర్నాటి పేపర్లో నిందితుడు ఒక్కడే: షార్ట్ సర్క్యూట్. పాపం, అతని తరఫున వాదించే వకీలు లేడు. అంతకుముందు నెలల తరబడి ఓ సన్న తీగ శక్తికి మించిన కరెంటు మోసి, వేడెక్కి, పైతొడుగు పెళుసెక్కి ఉండొచ్చన్న సంగతి ఎవరికీ పట్టదు. తీగ నెత్తిన ఆ బరువు పెట్టింది ఇంటివాళ్లే కాబట్టి, ఆ ప్రస్తావన తేవడం మర్యాద కూడా కాదు.

ఇది మాడ్యులర్ కిచెన్ల కాలం. మెత్తగా మూసుకునే సొరుగులు కావాలి, గోడలో పొదిగిన అవెన్ కావాలి, నాలుగు పొయ్యిల ఇండక్షన్ హాబ్ కావాలి. వీటన్నిటికీ కరెంటు మాత్రం ఎప్పుడో మిక్సీ కోసం పెట్టించిన ప్లగ్గు నుంచే రావాలి. లెక్క పదో తరగతి పిల్లలకు తెలిసిందే: వాట్లను 230 వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు. నాలుగు పొయ్యిలూ పూర్తిగా వెలిగితే అలాంటి హాబ్ 7,000 వాట్లు దాటొచ్చు, అంటే 30 ఆంపియర్ల పైమాటే. 3,000 వాట్ల అవెన్ మరో 13 లాగుతుంది. మిక్సీ ప్లగ్గేమో 6 ఆంపియర్లది, దాని వెనక తీగ సాధారణంగా ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్లది. పైగా కరెంటు రెట్టింపైతే తీగలో పుట్టే వేడి నాలుగింతలు. అలా వంటింట్లో ఐదో పొయ్యి గోడలోపల వెలుగుతుంది. దానికి మాత్రం మీట ఉండదు.

"అన్నీ ఒకేసారి ఎవరు వెలిగిస్తారండీ?" అంటారు. సగం నిజమే. ఇంజనీర్లు కూడా ఆ ఊహతోనే లెక్కలో కొంత తగ్గిస్తారు. కాకపోతే వాళ్లు 40 దగ్గర మొదలుపెట్టి దిగుతారు, మనం 6 దగ్గర మొదలుపెట్టి దేవుడికి దండం పెడతాం. సంక్రాంతి పూట ఒక పొయ్యి మీద అరిసెల పాకం, ఒకదాని మీద కాగే నూనె, ఇంకోదాని మీద పులుసు, అవెన్‌లో మనవడు అడిగిన కేకు. ఇంజనీరు ఊహకు ఆ రోజు సెలవు. "ఎమ్‌సీబీ ఉందిగా, అదే పడిపోతుంది" అనేది రెండో ధీమా. కరెంటు హద్దు మీరితే సరఫరా ఆపేసే ఎమ్‌సీబీ ఉన్నది అవెన్‌కు కాపలాగా కాదు, తీగకు కాపలాగా. తీగ మోయగలిగినదానికి తగ్గట్టు పెడితేనే అది పనిచేస్తుంది. మాటిమాటికీ ట్రిప్పవుతోందని 16 తీసేసి 32 పెట్టించడం మనకు బాగా అలవాటైన మరమ్మతు. మొరిగే కుక్కను తరిమేసి, మొరగని కుక్కను తెచ్చుకుని, హాయిగా నిద్రపట్టిందని మురిసిపోవడమన్నమాట. పెద్ద పిన్నును చిన్న ప్లగ్గులోకి దూర్చే కన్వర్టర్ కూడా ఇదే వంశానిది. చిన్న ప్లగ్గులో పట్టకూడదనే కదా పిన్ను లావుగా చేసింది! ఎర్తు పిన్ను సంగతి చెప్పనక్కర్లేదు, అడ్డమొస్తే విరిచేయడమే. ఇనుప అవెన్‌ను తడిచేత్తో ముట్టుకున్నప్పుడు షాకు నుంచి కాపాడాల్సింది ఆ ఎర్తూ, 30 మిల్లీ ఆంపియర్ల తేడాకే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ. రెండోదాని పేరు విన్న ఇంటివారు అరుదు.

ఖర్చంటారా? డీబీ (ఇంట్లో కరెంటు పంచే పెట్టె) నుంచి హాబ్‌కు ఆరు చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, అవెన్‌కు నాలుగుది, మధ్యలో అతుకుల్లేకుండా విడివిడిగా లాగి, వేటి ఎమ్‌సీబీ వాటికి పెట్టించినా, అల్మారా తలుపుల మెరుగుకైనంత కాదు. ఇంటికి మంజూరైన లోడు సరిపోకపోతే డిస్కంకు దరఖాస్తు పెట్టాలి. అది విసుగే, ఒప్పుకోవాలి. అసలు చిక్కేమిటంటే తీగ కనిపించదు. చుట్టాలొస్తే చూపించడానికి పనికిరాదు. ఇంటీరియర్ వారిచ్చే త్రీడీ బొమ్మలో పూలకుండీ ఉంటుంది, పళ్లబుట్ట ఉంటుంది, ఏ పొయ్యికి ఏ సైజు తీగో చెప్పే ముక్క ఉండదు. అడిగితే, "అదంతా ఎలక్ట్రీషియన్ చూసుకుంటాడు సార్" అంటారు. ఎలక్ట్రీషియన్ని అడిగితే, "ఇంటీరియర్ వాళ్లు చెప్పిన చోటల్లా పాయింటు ఇచ్చేశానండీ" అంటాడు.