విక్రేతకు స్క్రీన్‌షాట్, కొనుగోలుదారుకు డొమైన్

ఇంటర్నెట్‌లో ఒక సంస్థకో వ్యక్తికో చిరునామాగా పనిచేసే పేరును డొమైన్ అంటారు. ఏడాదికి వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా రుసుము కడితే దొరికే ఇటువంటి పేర్లలో ఒకటైన వాయిస్ డాట్ కామ్ 2019లో 3 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది కనుక, ఏ డొమైన్ యజమానికైనా తన పేరు కింద కూడా లంకెబిందెలు ఉన్నాయని అనిపించడం సహజమే. ఆ ఆశను ఓపికగా అధ్యయనం చేసి, దాని మీద ఒక శాస్త్రాన్నే నిర్మించిన వర్గం ఒకటుంది. ఆ వర్గాన్ని పోలీసులు మోసగాళ్లని పిలుస్తారు గాని, వారు మాత్రం తమను కొనుగోలుదారులుగానే పరిచయం చేసుకుంటారు. వారి శాస్త్రానికి మూలసూత్రం ఒక్కటే: డబ్బు వస్తుందని నమ్మవలసినవాడు అమ్మేవాడు, తాను నమ్మదగినవాడినని రుజువు చేసుకోవలసినవాడు కూడా అమ్మేవాడే.

ఈ శాస్త్రం వర్ణించిన కొనుగోలుదారు బేరమాడడు. యజమాని 5,000 డాలర్లు అడగడానికి జంకుతూ ఉండగానే 15,000 ఇస్తానని తానే మెయిల్ పంపి, ఆ వెంటనే ఒక చిన్న కోరిక బయటపెడతాడు: ఆ పేరుకు నిజంగా అంత విలువ ఉందని ధ్రువీకరించే మదింపు పత్రం కావాలట. ఉచితంగా విలువ కట్టే యంత్రాల లెక్కలు అతడికి ఆనవు, మనుషులు స్వయంగా పరిశీలించి ఇచ్చినదే కావాలి. అటువంటి సంస్థను వెతికే శ్రమ యజమానికి కలగకుండా దాని లింకు కూడా తానే పంపుతాడు. తాను కట్టిన ధర సరైనదో కాదో అమ్మేవాడి ఖర్చుతో తేల్చుకునే కొనుగోలుదారు అర్థశాస్త్రంలో మరెక్కడా కనపడడు. రుసుము చెల్లించగానే రంగుల ముద్రతో పత్రం వస్తుంది, అందులో విలువ అతడు చెప్పినదానికంటే కాస్త ఎక్కువే ఉంటుంది, ఆ పత్రాన్ని అందుకోవలసిన కొనుగోలుదారు మాత్రం ఉండడు. మదింపు సంస్థా కొనుగోలుదారూ ఒకే మనిషి అని తెలిసేసరికి యజమాని పోగొట్టుకున్నది ఆ రుసుమే కాబట్టి, ఇంత స్వల్ప నష్టంతో బయటపడినవారిని అదృష్టవంతులనే అనాలి.

అసలు దురదృష్టం పత్రం అడగని కొనుగోలుదారుతో మొదలవుతుంది. అతడు నేరుగా "డబ్బు పంపేశాను, ఇక పేరు మార్చండి" అంటాడు. ఆ మాటకు సాక్ష్యంగా ఒకరికి బ్యాంకు రసీదు స్క్రీన్‌షాట్ వస్తుంది. మరొకరికి చెల్లింపుల సంస్థ పేరుతో, సొమ్ము భద్రంగా ఉందని, డొమైన్ మారిన మరుక్షణం ఖాతాలో పడుతుందని మెయిల్ వస్తుంది. ఇంకొకరికి క్యూఆర్ కోడ్ వచ్చి, దాన్ని స్కాన్ చేసి యూపీఐ పిన్ కొడితే డబ్బు జమ అవుతుందన్న ఉపదేశం వెంట వస్తుంది. డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదని, పిన్ కొట్టడమంటే సొంత ఖాతాలోంచి పంపడమేనని యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ పదేపదే చెబుతున్నా, వాట్సాప్‌లో "సార్, రెండే నిమిషాలు" అనే పిలుపుకున్న మహిమ ఆ హెచ్చరికలకు లేదు. అరెకరం పొలం అమ్మేవాడైనా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో చెక్కు ఫొటో చూసి సంతకం పెట్టడు. అదే మనిషి లక్షలు పలికే పేరును ఫోన్ తెర మీది బొమ్మ చూసి రాసిచ్చేస్తున్నాడు.

ఖాతాలో నిజంగానే పడిన సొమ్ము కూడా అన్నివేళలా సొంతం కాదన్నది ఈ శాస్త్రంలోని ఉన్నత పాఠం. అమెరికా చట్టం ప్రకారం చెక్కు పూర్తిగా వసూలు కాకముందే బ్యాంకు ఆ మొత్తాన్ని ఖాతాదారును వాడుకోనివ్వాలి. చెక్కు దొంగదని తర్వాత తేలితే అదే బ్యాంకు దాన్ని వెనక్కి తీసుకుంటుంది. అడిగినదానికంటే ఎక్కువకు చెక్కు పంపి, మిగిలింది తన బ్రోకరుకు పంపమని వినయంగా కోరే పెద్దమనిషి బతుకుతెరువంతా ఆ కొద్ది రోజుల ఎడంలోనే ఉంది. కార్డు చెల్లింపును కార్డుదారు తన బ్యాంకు ద్వారా రద్దు చేయించడాన్ని ఛార్జ్‌బ్యాక్ అంటారు. పేపాల్‌లోనైతే కొనుగోలుదారు 180 రోజుల వరకు వివాదం లేవనెత్తవచ్చు. డొమైన్ సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. పేర్లను నమోదు చేసే రిజిస్ట్రార్ సంస్థ దగ్గర ఒకే కప్పు కింద ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు పేరు మారడానికి నిమిషాలు చాలు. మరో రిజిస్ట్రార్‌కు తరలించాలంటే లాక్ తీసి, ఆథ్ కోడ్ అనే రహస్య సంకేతం ఇచ్చేస్తే సరిపోతుంది. నిమిషాల్లో పోయే వస్తువును ఆరు నెలల పాటు వెనక్కి పోగల డబ్బుకు ఇచ్చివేయడాన్ని ఈ శాస్త్రంలో పరస్పర విశ్వాసం అంటారు.

పోయిన పేరు కోర్టుకెళితే తిరిగొస్తుందని ధైర్యం చెప్పేవారికి సెక్స్ డాట్ కామ్ చరిత్ర పాఠ్యాంశం కావాలి. గ్యారీ క్రెమెన్ 1994లో నమోదు చేసుకున్న ఆ పేరు మరుసటి ఏడాదే ఒక దొంగ ఉత్తరంతో చేయి మారింది. ఆన్‌లైన్ క్లాసిఫైడ్స్ అనే సంస్థ రాసినట్టు కనిపించే ఆ ఉత్తరంలో, తమకు నేరుగా ఇంటర్నెట్ సౌకర్యం లేదు కాబట్టి పేరు మార్చమని తమ తరఫున రిజిస్ట్రార్‌కు మీరే చెప్పండని, ఆ పేరు కాజేసినవాడినే కోరారు. అతడు పంపిన ఆ ఉత్తరం చూసి రిజిస్ట్రార్ ఏ ప్రశ్నా వేయకుండా పేరు మార్చిపెట్టింది. పేరు తిరిగి ఇవ్వాలని కోర్టు చెప్పడానికి 2000 వచ్చింది. 2001లో విధించిన 6.5 కోట్ల డాలర్ల పరిహారం కట్టవలసినవాడు దేశం దాటి మెక్సికో చేరాడు. డొమైన్ పేరుకు ట్రేడ్‌మార్క్‌తో సమానమైన రక్షణ ఉందని భారత సుప్రీంకోర్టు 2004లో, హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ సంతతికి చెందిన సత్యం ఇన్ఫోవే కేసులోనే, తేల్చిచెప్పింది. హక్కు ఉందని తేల్చిన ఆ తీర్పు, విక్రేత తన చేతులతో ఆథ్ కోడ్ ఇచ్చేసిన పేరును వెతికి తెచ్చిపెట్టదు.

ఈ రోగానికి మందు ఎస్క్రో, అంటే మధ్యవర్తి ఖాతా: కొనేవాడు సొమ్మును దానిలో వేస్తాడు, అది చేరిందని రూఢి అయ్యాక అమ్మేవాడు పేరు మారుస్తాడు, పేరు అందిందని తేలాక మధ్యవర్తి సొమ్ము విడుదల చేస్తాడు. మందుకు కూడా నకిలీ తయారుచేయడం శాస్త్రకారుల ప్రతిభ. పేరులో ఒక అక్షరం తేడాతో ఎస్క్రో వెబ్‌సైటు పెట్టి, దాని లింకు తామే పంపుతారు. కాబట్టి మధ్యవర్తిని విక్రేతే ఎంచుకోవాలి, చిరునామా తానే టైపు చేయాలి, కాలిఫోర్నియా వంటి చోట్ల ఆ వ్యాపారానికి తప్పనిసరైన లైసెన్సు ఉందో లేదో నియంత్రణ శాఖ దగ్గర సరిచూడాలి, సొమ్ము చేరిందన్న మెయిల్‌ను కాక లాగిన్ అయి ఖాతాలో కనిపించిన లెక్కనే నమ్మాలి, అంతవరకు లాక్ తీయకూడదు.

ఇంతటి జాగ్రత్తకు కోపం తెచ్చుకునే కొనుగోలుదారు పోయినా విక్రేతకు నష్టం లేదు, ఎందుకంటే నిజంగా కొనేవాడికి కూడా ఇదే పద్ధతి రక్షణ. అప్పటికే మోసపోయినవారు భారతదేశంలో సిగ్గుపడి ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి, ఆ వెంటనే రిజిస్ట్రార్‌కు ఫిర్యాదు రాయాలి. మోసగాడి చేతిలో సొమ్ము గాని పేరు గాని ఎక్కువసేపు నిలవదు.