రంగుల దొర

రంగారెడ్డి జిల్లా కందుకూరులో శ్రీశైలం రోడ్డు వెంట నడుస్తుంటే జిరాక్స్, ఆన్‌లైన్, ఆధార్, పాన్‌కార్డు అని ఒకే బోర్డు మీద నాలుగు రంగుల్లో రాయించుకున్న మడిగెలు కనిపిస్తాయి. రంగుల దొర కూర్చునేది అలాంటి చోటే. వయసు పాతికకు అటూ ఇటూ, చదువు డిగ్రీకి అటూ ఇటూ. తహశీల్దారు ఆఫీసులో ఔట్‌సోర్సింగ్ ఆపరేటరుగానో, వెంచర్ వాళ్ళ సైట్ ఆఫీసులో లేఅవుట్ చూపించే కుర్రాడిగానో ఇదే మనిషి వేరే కుర్చీల్లోనూ తగులుతాడు. పోల్చుకోవడం తేలిక. కౌంటర్ ముందు నలుగురు నిలబడి ఉంటారు, చేయి మౌస్ మీద ఉంటుంది, చూపు తెర మీద ఉంటుంది, ధ్యాస మాత్రం ఆదాయ సర్టిఫికెట్టు మీద ఉండదు. టాస్క్‌బార్ నిన్న వంకాయ రంగు, ఇవాళ తంగేడు పువ్వు. విండోస్ ఆ గళ్ళకు రస్ట్, ఆర్కిడ్, స్టార్మ్ అని పేర్లు పెట్టుకుంది గానీ ఇతని లెక్కలో అవి తుప్పు, వంకాయ, మబ్బు. గళ్ళలో దొరకని రంగును కస్టమ్ కలర్‌లోకి వెళ్ళి కలుపుకుంటాడు. ఎరుపు, పచ్చ, నీలం ఒక్కోటి 256 మెట్లు కాబట్టి మొత్తం 1,67,77,216 రంగులు. రోజుకు నాలుగు చొప్పున మార్చినా పదకొండు వేల ఏళ్ళు పైనే పడుతుంది. అన్నేళ్ళు అతను సర్వర్ కోసం ఎదురుచూడడానికి సిద్ధంగానే ఉన్నట్టు కనిపిస్తాడు.

తోచీ తోచనమ్మ తోటికోడలి పుట్టింటికి వెళ్ళిందట, ఇతనిదీ అదే వ్యవహారం అని లోకం తేల్చేసింది. నాకు అలా అనిపించదు. అతను చేసేది కబ్జా. చిన్నపాటి, చట్టబద్ధమైన, ఎవరికీ ఇంచు భూమి నష్టం లేని కబ్జా. ఆ బల్ల మీద అతనిది అనదగ్గది ఏముందో ఒక్కొక్కటే చూడండి. మానిటర్ సేఠ్‌ది. సాఫ్ట్‌వేర్ అమెరికాది. పోర్టల్ సర్కారుది. వేలిముద్ర కస్టమర్‌ది, ఓటీపీ వచ్చే ఫోను కస్టమర్ కొడుకుది, ఆ కొడుకు దుబాయ్‌లో ఉంటాడు. ఏ డబ్బాలో ఎన్ని అక్షరాలు పట్టాలో, ఏ డబ్బా పక్కన ఎర్ర చుక్క పెట్టాలో, ఇంటిపేరు ముందు రాయాలో వెనక రాయాలో అంతా ఎక్కడో ఎవరో నిర్ణయించేశారు. ఆ కుర్చీలో కూర్చున్నంతసేపు అతను ముట్టుకునేవన్నీ పరాయివే. ఎవరి సంతకమూ లేకుండా, ఎవరి అప్రూవలూ లేకుండా అతని చేత మారే వస్తువు ఆ యంత్రంలో ఒక్కటే, రంగు. అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టనివ్వరు, సున్నం వేసుకుంటే కాదనరు. అతని బతుకంతా ఆ సున్నంలో ఉంది.

పైగా ఇది కందుకూరు. ఇక్కడ రంగు అంటే ముచ్చట కాదు, రేటు. మాస్టర్ ప్లాన్ పటంలో పసుపు పడ్డ సర్వే నంబరు ఇళ్ళ స్థలం, ఆకుపచ్చ పడ్డది వ్యవసాయం. నేల అదే, బోరు అదే, గట్టు మీద వేపచెట్టు అదే. గీతకు ఇవతల పెన్సిల్ రంగు మారితే అవతలివాడి కూతురి పెళ్ళి ఫంక్షన్ హాల్ మారిపోతుంది. లేఅవుట్ కాగితం మీద అమ్ముడైన ప్లాటుకు ఒక రంగు, కార్నర్ బిట్టుకు ఒక రంగు. రేషన్ కార్డుల కాలం నుంచీ తెల్లకార్డు వాడు వేరు, గులాబి కార్డు వాడు వేరు. ముచ్చర్లలో ఫార్మా సిటీ అన్న రోజుల్లో ఒక పటం, 2024 ఆగస్టు 1న మీర్‌ఖాన్‌పేటలో స్కిల్స్ యూనివర్సిటీకి శంకుస్థాపన జరిగి ఫ్యూచర్ సిటీ అన్న తర్వాత ఇంకో పటం. పక్క పొలానికి ఎవరో రంగు మార్చగానే ఏం జరుగుతుందో చిన్నప్పటి నుంచి చూస్తూ పెరిగిన కుర్రాడు, తన చేతికి ఒక కలర్ డబ్బా చిక్కితే ఊరుకుంటాడా?

రంగులోని హక్కు సంగతి అతనికంటే ముందు కంపెనీకే తెలుసు. లైసెన్సు కొనకుండా విండోస్ 10 వేసుకోండి. వర్డ్ తెరుచుకుంటుంది, ప్రింటర్ తిరుగుతుంది, పోర్టల్ కూడా (దాని ఇష్టాన్ని బట్టి) పనిచేస్తుంది. కుడివైపు అడుగున యాక్టివేట్ చేయమని బూడిదరంగు అక్షరాలు నీడలా నిలబడతాయి, పర్సనలైజేషన్ పేజీకి మాత్రం తాళం పడుతుంది. అంటే పని చేసుకోవడం ఉచితంగా కానిస్తారట, రంగు మార్చుకోవాలంటే యజమానివని రుజువు చూపాలట. అంతకుముందు విండోస్ 7లో చౌక రకం స్టార్టర్ ఎడిషన్‌కు వాల్‌పేపర్ మార్చే భాగ్యం కూడా ఇవ్వలేదు. అమ్మేవాడు దేనికి తాళం వేస్తాడో దానికే విలువ ఉన్నట్టు. మన దొర ఆ తాళం ముందు కూలబడడనుకోండి. ఫోటో మీద రైట్ క్లిక్ కొట్టి బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టేసుకుంటాడు, ప్రహరీ దూకినట్టు.

ఈ ఏలుబడి విస్తీర్ణం ఏటేటా తగ్గుతూ వస్తోందన్నది ఇంకో సంగతి. 1992 నాటి విండోస్ 3.1లో కిటికీ అంచు, పైపట్టీ, మీట, అక్షరం, దేనికి దానికి విడిగా రంగు వేసుకోవచ్చు. కంపెనీ స్వయంగా హాట్ డాగ్ స్టాండ్ పేరుతో ఎరుపూ పసుపూ కుమ్మరించిన ఒక స్కీము ఇచ్చింది; మనవాళ్ళు చేసి ఉంటే దానికి మిర్చి బండి అని పేరు పెట్టేవారు. అక్షరానికీ వెనక గోడకూ ఒకే రంగు వేసి, తిరిగి వచ్చే దారి తనకే కనపడకుండా చేసుకునే స్వాతంత్ర్యం కూడా ఉండేది. 2001లో ఎక్స్‌పీ కొత్త ముస్తాబుకు నీలం, ఆలివ్, వెండి అని మూడే రంగులిచ్చింది, పాత పద్ధతిని వెనక గదిలో ఉంచింది. 2012లో విండోస్ 8 ఆ వెనక గదినీ మూసేసింది. ఇప్పుడు మిగిలింది చీకటి, వెలుతురు, ఒక యాక్సెంట్ రంగు. జాగీరు పోయి కుంట మిగిలినవాడు గట్టును రోజూ చెక్కుకుంటాడు. ఆ ఒక్క యాక్సెంట్ గడి మీద అంత మమకారం అందుకే.

కళ్ళ కోసం చేస్తున్నాడేమో, ఎందుకు ఆడిపోసుకుంటారు అనే దయామయులు ఉంటారు. అతనూ అదే చెబుతాడు: “డార్క్ మోడ్ పెడితే కండ్లకు మంచిదన్నా, కరెంటు గూడ తక్కువ కాలుతది.” కరెంటు మాట ముందు చూద్దాం. ఓఎల్ఈడీ తెరలో నల్ల చుక్క అంటే ఆరిపోయిన దీపం కాబట్టి ఆదా నిజమే. అతని ముందున్నది ఎల్‌సీడీ. అందులో వెనక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, నలుపు అంటే దాని ముందు తెర లాగడం. దీపం పెట్టి దుప్పటి కప్పితే మీటరు ఆగదు. కళ్ళ సంగతికి వస్తే, చూపు మామూలుగా ఉన్నవాళ్ళలో ఎక్కువమంది తెలుపు మీద నల్ల అక్షరాలే మెరుగ్గా చదువుతారని పరీక్షలు చేసినవాళ్ళు తేల్చారు. శుక్లాలున్నవాళ్ళకు, చూపు మందగించినవాళ్ళకు నల్ల నేల మీద తెల్ల అక్షరం నిజంగా ఊరటే. హై కాంట్రాస్ట్ అని విడిగా పెట్టింది వాళ్ళ కోసమే, దాన్ని నవ్వులాటగా తీసుకునే హక్కు ఎవరికీ లేదు. కానీ అవసరమున్నవాడు ఒక్కసారి పెట్టుకుని మరిచిపోతాడు, కళ్ళజోడు కొన్నట్టు. వారానికి మూడు కళ్ళజోళ్ళు మార్చేవాడికి ఉన్నది చూపు సమస్య కాదు.

జనం టైము తింటున్నాడన్న అభియోగం ఇంకా గట్టిది. ఒప్పుకుంటాను, సగం. పోర్టల్ మీద చక్రం తిరుగుతున్నంతసేపు అతను చేయగలిగిందేమీ లేదు. ఆ చక్రం వంకే చూస్తూ కూర్చునేవాడికి బీపీ వస్తుంది, రంగు మార్చుకునేవాడికి రాదు. మిగతా సగానికి మాత్రం సంజాయిషీ లేదు. పాత విండోస్, పాత వర్డ్ ఉన్న కంప్యూటర్లో విండో నేపథ్యానికి లేత పచ్చ వేస్తే తెర మీది కాగితం కూడా పచ్చగా తేలుతుంది. అఫిడవిట్ కొట్టించుకోవడానికి లేమూరు నుంచి వచ్చిన పెద్దాయన మెడ చాచి చూసి, “బిడ్డా, నాది తెల్లకాయితం మీదనే కొట్టు, పచ్చది ఆఫీసుల చెల్లదు” అంటాడు. ప్రింటు తెల్లగానే వస్తుందని నమ్మించడానికి పది నిమిషాలు, వచ్చాక కూడా ఆయన అనుమానం తీరక వెలుగులో పెట్టి చూసుకోవడానికి ఇంకో ఐదు. దీనికి ప్రతీకారం అన్నట్టు జనం కూడా ఫోన్లో డార్క్ మోడ్‌లో తీసిన పేమెంట్ స్క్రీన్‌షాట్ తెచ్చి ప్రింటు అడుగుతారు. నల్ల పేజీ, నడుమ నాలుగు తెల్ల ముక్కలు. అది పీల్చే టోనరుకు ఆ రోజు లాభం పోతుంది. సేఠ్ గుండె మీద చేయి వేసుకుంటాడు.

అసలు నా వాదనకు చెమట పట్టించేది లినక్స్ వాళ్ళు. తెలుగులో లినక్స్ తెచ్చిన స్వేచ్ఛ సంస్థ మాటల్లో చెప్పాలంటే అక్కడ సాఫ్ట్‌వేర్ వాడేవాడిదే. తలుపులు, దూలాలు, పునాది అన్నీ విప్పి చూసుకోవచ్చు. ఏమీ లేనివాడు రంగు మీద పడతాడంటివి, మరి అన్నీ ఉన్న వీళ్ళు ఇంకా ఎక్కువగా రంగులు మారుస్తారేం? మారుస్తారు, నిజమే. సొంత ఇల్లు కట్టుకున్నవాడు ఆదివారం వస్తే ఏదో ఒక గోడ మీద చేయి వేస్తాడు, అది అనుభవించడం. మన దొరది కాలు మోపడం. పక్క షిఫ్టు వాడొచ్చి కూర్చోగానే మొదట చేసే పని తంగేడును తీసి తన నీలం పెట్టుకోవడం. సాయంత్రం దొర వచ్చి నీలం తీసేస్తాడు. ఇద్దరూ పల్లెత్తు మాట అనుకోరు. హద్దురాళ్ళు రాత్రికి రాత్రి జరుపుకునే పాలివాళ్ళు కూడా పగలు నవ్వుతూనే పలకరించుకుంటారు.

ఇంతటి చిన్నబుద్ధి కుర్రాళ్ళకే ఉంటుందనుకుంటే పొరపాటు. పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ భవనాలకు అప్పటి అధికార పార్టీ జెండా రంగులు పూశారు. కోర్టు తీయమంటే వాటికి ఒక మట్టి రంగు చేర్చి కొత్త జీవో ఇచ్చారు. అదీ చెల్లక 2020 జూన్ 3న సుప్రీంకోర్టులోనూ ఓడి, మళ్ళీ సున్నాలు కొట్టించారు. ఖజానా, పోలీసులు, చట్టసభ చేతిలో ఉన్నవాళ్ళకే రంగు మీద అంత యావ ఉంటే, ఒక మౌసూ ఒక స్టూలూ ఉన్నవాణ్ణి ఏమంటాం? ఇతను కనీసం కోర్టు దాకా పోడు. సేఠ్ దగ్గితే చాలు, తెల్లది పెట్టేస్తాడు.

ఎట్టకేలకు చక్రం ఆగుతుంది, సర్వర్ వస్తుంది, నంబరు పడుతుంది. అయినా దొర ప్రింట్ మీట నొక్కడు. మానిటర్‌ను రెండు చేతులా పట్టుకుని కౌంటర్ వైపు తిప్పుతాడు. “ఎట్లుందే పెద్దయ్యా?” పెద్దాయన ఆ ఇటుక రంగు టాస్క్‌బార్‌ను, దాని మీది ఆకుపచ్చ వాల్‌పేపర్‌ను నిదానంగా పైనుంచి కిందికి చూస్తాడు.

“మస్తుగుంది బిడ్డా. ఎవరిదీ పొలం?”