పునుగుల బండికి పిచ్ డెక్

మొన్న మా ఊరి హైస్కూల్లో పిల్లలకి వ్యాపారం నేర్పారు. పదింటికి మొదలుపెట్టి మధ్యాహ్న భోజనం బెల్లు కొట్టేలోపు నేర్పేశారు. బజారులో శెట్టిగారికి నలభై ఏళ్లు పట్టిన విద్య ప్రొజెక్టరుంటే రెండున్నర గంటల్లో వచ్చేస్తుందని తెలిస్తే, పాపం, ఆయనా ఓ ప్రొజెక్టరు కొనుక్కునేవాడే.

తొమ్మిది, పది తరగతుల పిల్లల్ని నేలమీద వరసగా కూర్చోబెట్టారు. గోడకి తెల్ల దుప్పటి కట్టారు. దానిమీద ముందు ఒక రాకెట్టు ఎగిరింది, తరవాత కొమ్మున్న గుర్రం ఒకటి వచ్చి నిలబడింది. హైదరాబాదు నుంచి వచ్చిన వక్తగారు "ఇదేంటో చెప్పండి" అన్నారు. "గుర్రం సార్, ఎవరో కొమ్ము అతికించారు సార్" అన్నారు పిల్లలు. కాదట. విలువ వంద కోట్ల డాలర్లు దాటిన కంపెనీని ఈ కొమ్ముగుర్రం పేరుతో పిలుస్తారట. వెనక వరసలోంచి ఒకడు లేచి, "దానికి రోజుకెంత మిగులుద్ది సార్?" అన్నాడు. వక్తగారు జాలిగా నవ్వారు. మిగులు గురించి అడగడం పాతకాలపు ఆలోచనట, అడగాల్సింది వాల్యుయేషనట. అడిగినవాడు గేటు పక్కన పునుగుల బండి పెట్టే ఆవిడ కొడుకు. రాత్రి బండి కడిగాక డబ్బాలో మిగిలిందే లాభమని వాళ్లింట్లో నేర్పారు. చాదస్తపు కుటుంబం.

మీకు లేనిది డబ్బు కాదు, మైండ్‌సెట్ అన్నారాయన. ఆ మాట పదిహేడుసార్లు అన్నారు. నేను వేళ్లు మడిచాను, చాలక పక్కాయన వేళ్లు కూడా అరువు తీసుకున్నాను. "ఉద్యోగం అడిగేవాళ్లు కావొద్దు, ఇచ్చేవాళ్లు కండి" అన్నప్పుడు మాస్టార్లే ముందు చప్పట్లు కొట్టారు. ఒకటో తారీఖున జీతం పడకపోతే రెండో తారీఖున ధర్నాకి కూర్చునే వర్గం ఉద్యోగం మీద ఇంత వైరాగ్యం చూపించడం నేను మొదటిసారి చూశాను. భోజనాల దగ్గర వక్తగారి కుటుంబ విషయాలు కూడా తెలిశాయి. పెద్దబ్బాయి డల్లాస్‌లో ఉద్యోగం. చిన్నబ్బాయికి ఈసారైనా హెచ్-1బి లాటరీ తగలాలని తిరుపతి మొక్కు. ఉద్యోగాలిచ్చే భాగ్యం ఆ ఇంట్లో ఇంకా ఎవరికీ పట్టలేదు. ఆ భాగ్యాన్ని ఆయన మా జిల్లా పరిషత్ పిల్లలకే వదిలిపెట్టారు, త్యాగమూర్తి.

ఈ గాలి మా ఊళ్లో పుట్టింది కాదు. ఢిల్లీ ప్రభుత్వం 2019లో బడుల్లో దీన్నొక పాఠ్యక్రమం చేసింది. 2021లో పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలకి తలా 2,000 రూపాయలిచ్చి ఏదో ఒకటి పెట్టి చూడమంది. ఆ డిసెంబరులోనే టీవీలో 'షార్క్ ట్యాంక్ ఇండియా' మొదలై, అప్పివ్వమని అడగడాన్ని కూడా కోటు వేసుకుని అడగొచ్చని దేశానికి చూపించింది. ఢిల్లీవాళ్లని ఒకందుకు మెచ్చుకోవాలి, పిల్లాడి చేతిలో నిజంగా డబ్బు పెట్టారు. మా ఊరి సభ మాత్రం ఢిల్లీ నుంచి మాటలు తెచ్చుకుని 2,000 అక్కడే వదిలేసి వచ్చింది. హైదరాబాదులో 2015లో స్టార్టప్‌ల కోసం టీ-హబ్ తెరిచారని వక్తగారు చెబితే పిల్లలకి ఏ మాత్రం ఆశ్చర్యం కలగలేదు. మాకు బస్టాండు ఎదురుగా రెండున్నాయి, ఒకదాంట్లో అల్లం టీ కూడా దొరుకుతుంది.

ఇంతకీ ఈ చదువులో గురుశిష్యుల యోగ్యత చూడండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివాడు ఒప్పందానికి అర్హుడు కాడు. మైనరు చేసిన ఒప్పందం మొదలే చెల్లదని ప్రివీ కౌన్సిల్ 1903లోనే తేల్చేసింది. కాబట్టి శిష్యుడు సంతకం పెట్టలేడు. ఇక గురువు. 1964 నాటి ప్రవర్తనా నియమావళి ప్రకారం ప్రభుత్వోద్యోగి అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదు. చేయకూడనివాడు చేయలేనివాడికి చెప్పే చదువిది. ఈత రానివాడు చేతులు కట్టేసినవాడికి ఈత నేర్పినట్టు. (నియమావళిని మాస్టార్లు మరీ అంత తు.చ. తప్పకుండా పాటిస్తారనుకోకండి. మా ఊరి బైపాసు పక్క ప్లాట్లకి సగం మంది ఏజెంట్లు బాకు, సుద్దముక్క ఒకే జేబులో పెట్టుకు తిరిగేవాళ్లే. బాకు కాదు, బ్రోచరు. రెండూ ఒకటేలెండి. ఆ పాఠమైనా పిల్లలకి చెప్పి ఉంటే పనికొచ్చేది.)

ప్రైవేటు బడి దారి వేరు. అక్కడ ఏటా ఒక 'మార్కెట్ డే' ఉంటుంది. మా బంధువులమ్మాయి పోయినసారి అందులో సమోసాలు అమ్మి 640 రూపాయల లాభం చూపించి కప్పు తెచ్చుకుంది. సరుకు నాన్న కొన్నాడు. ముందురోజు రాత్రి పదకొండు దాకా అమ్మ చుట్టింది, తెల్లవారుజామున లేచి వేయించింది. గ్యాసు ఇంటిది. స్టాలు అద్దె 300 బడికి కట్టారు, అది తాతగారి పద్దు. కొన్నవాళ్లు పిన్ని, బాబాయి, మేడమీద అద్దెకుండేవాళ్లు. ఇవన్నీ తీసేస్తే నష్టమెంతో నేను కాగితం మీద వేసి చూపించబోతే, "పిల్లని నిరుత్సాహపరచకు అన్నయ్యా" అంది మా చెల్లెలు. నిరుత్సాహం దేనికి, నేర్చుకోవాల్సిన అసలు పాఠం అదేనంటాను. ఈ దేశంలో చిన్న వ్యాపారం నిలబడేది లెక్కలోకి రాని ఆడమనిషి చాకిరీ మీద. ఆ చాకిరీకి పద్దు తెరిస్తే సగం కొట్లకి రేపే తాళం పడుతుంది. ఆ రోజు సిసలైన వ్యాపారం చేసింది ఒక్కరే, ముప్పై స్టాళ్లకి మూడేసి వందలు పుచ్చుకున్న బడి. బూట్లు, టై, నోటుపుస్తకాలు తమ దగ్గరే కొనాలనే ఆ సంస్థని మించిన కేస్ స్టడీ ఏ సిలబస్సులోనూ ఉండదు.

మళ్లీ మా పునుగుల బండి దగ్గరికి వద్దాం. ఆవిడ పొద్దున ఇడ్లీ వేస్తుంది. మిగిలిన పిండి సాయంత్రానికి పులుస్తుంది. అందులో కాస్త మైదా, ఉల్లిపాయ, జీలకర్ర కలిపితే పునుగులు. దీన్ని వక్తగారి భాషలో సర్క్యులర్ ఎకానమీ అంటారు, ఆవిడ భాషలో "పిండి పారబోసుకుంటామా" అంటారు. 2024 సెప్టెంబరులో ముడి పామాయిలు మీద సున్నాగా ఉన్న మూల దిగుమతి సుంకాన్ని కేంద్రం 20 శాతం చేసింది. ఆ గెజెట్టు ఆవిడ చదవలేదు, నూనె కొట్టువాడు చదివి వినిపించాడు. ప్లేటు ధర పెంచితే పిల్లలు రారు. అందుకని ధర ఇరవై దగ్గరే ఉంచి, ఎనిమిది పునుగుల్ని ఏడు చేసి, చట్నీ ఒక గరిటె ఎక్కువ పోసింది. పెద్ద పెద్ద బిస్కెట్ కంపెనీలు చేసేదీ ఇదే, కాకపోతే వాళ్లు చట్నీ పోయరు.

ఇంత తెలిసిన ఆవిడకి తెలియనిది ఒక్కటుంది. అది బడి చెప్పగలదు, చెప్పదు. నూనెకీ నీలం సిలిండరుకీ ఆవిడ రోజువారీ ఫైనాన్సులో తెచ్చుకుంటుంది. కాగితం మీద 10,000, చేతికి 9,000. రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. "వెయ్యేగా బాబూ పోయేది" అంటుంది. వెయ్యే. కానీ మొదటిరోజు నుంచే అసలు వెనక్కి పోతోంది కదా, సగటున ఆవిడ దగ్గర ఉండేది సగం సొమ్మే. ఆ లెక్కన ఏడాదికి దాదాపు 78 శాతం వడ్డీ. మన ఊళ్లలో నూటికి రెండ్రూపాయల వడ్డీ అంటేనే, అంటే ఏడాదికి 24 శాతమంటేనే, ముక్కున వేలేసుకుంటాం. ఇది దానికి మూడింతల పైమాట. విజయవాడలో 2015లో కాల్‌మనీ గొడవ బద్దలైనప్పుడు అందరం నోళ్లు తెరిచాం, తరవాత మూసుకున్నాం. ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకంలో చక్రవడ్డీ ఉంది. అందులో అప్పిచ్చేవాడు మర్యాదస్తుడు, ఏడాదికోసారి వస్తాడు. సాయంత్రం ఆరున్నరకి మోటారుసైకిలు మీద వచ్చేవాడు ఏ అభ్యాసంలోనూ లేడు.

వీధి వ్యాపారులకి 2020లో స్వనిధి అని కేంద్రం ఒక పథకం పెట్టింది. హామీ లేకుండా అప్పు, అప్పట్లో తొలి విడత 10,000; వేళకి కడితే వడ్డీలో 7 శాతం రాయితీ. తినుబండారాల బండికి ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషను ఏడాదికి వంద రూపాయలుండేది. ఏ కాగితం ఎక్కడ దొరుకుతుంది, బ్యాంకు మేనేజరు రేపు రమ్మంటే ఎల్లుండి ఏమనాలి, ఈ రెండు పీరియడ్ల పాఠం చెబితే ఆ పిల్లాడి అమ్మకి ఏడాదికి కొన్ని వేలు మిగులుతాయి. కానీ అందులో రాకెట్టు బొమ్మ పెట్టడానికి ఎక్కడా చోటు లేదు. పైగా 78 శాతం ఎవడి ఇంటికి పోతోందని పిల్లాడు అడిగితే, సభకి షామియానా ఇచ్చిన దాతగారి పేరు చెప్పాల్సి రావచ్చు.

అయితే పిల్లాడికి బండి పనే నేర్పమంటావా అని మీరు నన్ను నిలదీయొచ్చు. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లల్ని పదిరోజులు సంచీ లేకుండా వడ్రంగి దగ్గరికి, కుమ్మరి దగ్గరికి పంపమంది. వినడానికి బాగుంది. అంతకుముందు 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ఒక పూట బడి, ఒక పూట ఇంటి వృత్తి అన్నారు. కులవృత్తి చదువని జనం మండిపడితే, 1954లో పదవీ పథకమూ రెండూ పోయాయి. ఆ మంటలో న్యాయముంది. పునుగుల బండావిడ కొడుకుని బడికి పంపుతున్నది వాడు నూనె మూకుడు దగ్గర నిలబడకూడదనే. ఆవిడకి కావలసింది పదో తరగతి, ఇంటరు, ఆ తరవాత నీడపట్టున ఒక ఉద్యోగం. ఆవిడ ఆశ ఇంతే. దాన్ని తీసుకొచ్చి బడిలో అప్పజెబితే, బడి వాడికి కోటు తొడిగి "ఉద్యోగం అడగొద్దు" అని బండి దగ్గరికే తిప్పి పంపుతోంది. పకోడీలమ్మి రోజుకి 200 ఇంటికి తీసుకెళ్లేవాడిది ఉపాధి కాదా అని 2018 జనవరిలో ప్రధానమంత్రి ఒక టీవీ ఇంటర్వ్యూలో అడిగారు. అప్పుడు నవ్వినవాళ్లే ఇప్పుడు అదే మాటని ఇంగ్లీషులో స్లయిడు మీద వేస్తున్నారు.

సాయంత్రానికి సభ ముగిసింది. అందరికీ సర్టిఫికెట్లు, తలా ఒక అట్టపుస్తకం ఇచ్చారు, పైన 'నా స్టార్టప్ డైరీ' అని బంగారు అక్షరాలు. అతిథులకీ పిల్లలకీ ఫలహారం గేటు పక్క బండి నుంచే వచ్చింది. నూట ఇరవై ప్లేట్లు. స్థానిక వ్యాపారాన్ని ప్రోత్సహించాలని హెడ్మాస్టరుగారు మైకులో చెప్పారు కూడా. వక్తగారు రెండు ప్లేట్లు లాగించి, చట్నీ బ్రహ్మాండం, ఫ్రాంచైజీ ఇచ్చుకోవచ్చు అన్నారు. కారెక్కారు.

ఆవిడ చెంగుతో చేతులు తుడుచుకుంటూ వరండా దాకా వచ్చి నిలబడింది.

"బిల్లు రాసిపెట్టమ్మా, గ్రాంటు రాగానే ఇప్పిస్తాను" అన్నారు హెడ్మాస్టరుగారు.

"పోయిన ఆగస్టు పదిహేనుదీ ఉంది మాస్టారూ."

"అదీ ఇదీ కలిపే ఇస్తాం."

ఆవిడ కొడుకు బండి కింద సంచిలోంచి స్టార్టప్ డైరీ తీశాడు. మొదటి పేజీలో 'నా కల' అని అచ్చేసి ఉంది. దానికింద పెన్సిలుతో రాసుకున్నాడు: హైస్కూలు, 120 ప్లేట్లు, 2,400, బాకీ. ఆరున్నరైంది. మోటారుసైకిలు వచ్చి ఆగింది. ఇంజను ఆపలేదు. ఆవిడ డబ్బాలో వెతికి నూరు లెక్కపెట్టి ఇచ్చింది, ఎక్కువగా పదులే. వాడు ఇంకో గీత కింద రాశాడు: ముప్పైనాలుగో రోజు, 100, కట్టాం.