మూడు మొదలు తొమ్మిది వఱకు: ఒక దుర్భిణి ఆత్మకథ

నేను గాలితుపాకి వీపుపై కూర్చుండు దుర్భిణిని. అంగడివారు నన్ను స్కోపని పిలుతురు. నా పెట్టెమీద 3-9×40 అని అచ్చువేసియున్నది. ఎదుటి వస్తువును మూడు రెట్లు మొదలు తొమ్మిది రెట్ల వఱకు, చూచువాని యిచ్చ వచ్చినట్లు పెంచి చూపగలననియు, నా ముందటి అద్దపు వ్యాసము 40 మిల్లీమీటర్లనియు దాని యర్థము. ఇరువదినాలుగు రెట్లు, ముప్పదిరెండు రెట్లు చూపు దీర్ఘకాయులు నా జాతిలో కలరు. ఎన్నడును మాఱని నాలుగు రెట్లతో జీవితము గడపు అల్పకాయులును కలరు. ఈ యుభయులకు నడుమ నిలిచినవాడను నేను. నడుమ నిలుచుట శక్తి చాలకపోవుటయే యని తలంచువారు పెక్కుమంది కలరు గావున, అది శక్తిలోపము కాదనియు, దూరమును ఎఱిగి చేసిన నిర్ణయమనియు నిరూపించుటకై నా కథను చెప్పుచున్నాను.

నా వంశము అర్వాచీనమైనది కాదు. 1608వ సంవత్సరమున హాలండు దేశమందు హాన్స్ లిపర్‌షే యను కంటియద్దముల పనివాడు దుర్భిణికై హక్కుపత్రము కోరెను. మఱుసటి యేట గెలీలియో దానిని ఆకాశమువైపు త్రిప్పెను. 1611లో కెప్లరు రెండు కుంభాకార కటకములతో దానిని నిర్మించు విధమును గ్రంథస్థము చేసెను. నా పుట్టుక యీ కెప్లరు మార్గములోనే యిమిడియున్నది. ఏలయన, ఆ మార్గమున దూరవస్తువు యొక్క ప్రతిబింబము గొట్టము లోపలనే యేర్పడును. సరిగా ఆ తావున సన్నని పోగు నొకదానిని నిలిపినచో, పోగును వస్తువును ఒకే తలమున, ఒకే స్పష్టతతో కంటికి గోచరించును. ఇంగ్లండు ఉత్తరభాగమున నివసించిన విలియం గాస్కాయిన్ అను యువకుడు 1640 ప్రాంతమున, తన పరికరములో ఒక సాలీడు అల్లిన పోగు స్పష్టముగ కనబడుట చూచి, యీ రహస్యమును గ్రహించి, దానిని గురికి సాధనముగ మలచెను. 1644లో మార్‌స్టన్ మూర్ యుద్ధమున అతడు మరణించెను గాని, అతని పోగు నేటికిని నాలో అడ్డముగను నిలువుగను సాగియున్నది.

ఆ తరమువాడే, ఆ సీమవాడే యైన జెరెమీ షేకర్లీ యను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు, బుధగ్రహము సూర్యబింబమునకు అడ్డముగ నడచు దృశ్యము తన దేశమున కనబడదని గణించి, 1651 నవంబరు 3వ తేదీ యుదయమున నేను నేడు నివసించుచున్న యీ సూరత్ నగరమునందే దుర్భిణితో దానిని దర్శించెను. భారతదేశమున దుర్భిణితో జరిగిన తొలి ఖగోళ పరిశీలనలలో అది యొకటిగ పరిగణింపబడుచున్నది. తపతీ తీరపు నగరమునకు కోటను గూర్చియు, ఓడలను గూర్చియు, జరీని గూర్చియు చెప్పుకొనువారు అనేకులు కలరు. ఈ యొక్క యుదయమును గూర్చి చెప్పుకొనువారు అరుదు గావున, నా వంశగౌరవము కొఱకు నేను దానిని స్మరించుచున్నాను.

నన్ను కొనిన యిల్లు ఈ నగరపు లింబాయత్‌లో నున్నది. తెలంగాణపు జిల్లాల నుండి, చేమగ్గములకు గిరాకి సన్నగిల్లిన కాలమున, బ్రతుకుతెరువు వెదకుకొనుచు వచ్చిన పద్మశాలి కుటుంబము లెన్నియో ఈ నగరమున వేళ్లూనినవి. నగరపాలకసంస్థ వారి బిడ్డలకై తెలుగు మాధ్యమమున పాఠశాలలను సైతము నడుపుచున్నది. నా యజమాని సాంచెలు, అనగా మరమగ్గములు, బాగుచేయు మేస్త్రీ. తెగిన పోగును రెప్పపాటులో పట్టుకొను కన్ను అతనిది. బార్డోలీ వైపు చెఱకుతోటల నడుమ నున్న స్నేహితుని చేనిలో, ఎత్తైన మట్టికట్ట ముందు రేకు బిళ్లలు నిలిపి, గాలితుపాకితో వానిని పడగొట్టుట అతని సెలవుదినపు వినోదము. యౌవనమున తుపాకికి పుట్టుకతో నున్న గురియే అతనికి చాలియుండెను. కాని యా గురిలో వెనుక గాడి, ముందు మొన, ఎదుట లక్ష్యము అను మూడింటిని కన్ను ఒక్కమాఱే పట్టవలయును; నలువది యేండ్లు దాటినపిదప కంటిలోని కటకము బిగుసుకొనుటచే నది సాధ్యము కాదు. దుర్భిణి యీ మూడింటిని రెండు చేసి, ఆ రెండింటిని ఒకే తలమున నిలుపును. అతడు నన్ను వెదకుకొనుచు వచ్చుటకు కారణ మిదియే. దూరమును జయింపవలయునన్న కోరిక కాదు.

అంగడిలో అతనివెంట కాలేజీ చదువు చదువుచున్న కూతురుండెను. ఆమె చూపు నా ప్రక్కనున్న దీర్ఘకాయునిపై పడెను.

“బాపూ, గా పెద్దది సూడు. ఇరవై నాలుగు పవరట. గదే తీసుకుందాం.”

“గంత పవరు మనకెందుకు బిడ్డా? మన చేన్ల ఎంత దూరం కొడ్తం?”

“కట్ట కాడికి నలభై అడుగులు. అవుతల చింతచెట్టు కాడ పెడ్తే నూట ఇరవై.”

“మరి నలభై అడుగుల కాడ గది మసక లేకుండ సూపుతదా? ముందుగాల గది అడుగు.”

దుర్భిణి కొనవచ్చినవా రందఱును ఎంత దూరము కనబడునని యడుగుదురు. గాలితుపాకివాడు అడుగవలసిన ప్రశ్న దానికి విపర్యయము: ఎంత దగ్గఱ స్పష్టముగ కనబడును? మందుగుండు తుపాకులకై నిర్మింపబడిన దుర్భిణులలో పెక్కింటిని కర్మాగారముననే 100 గజముల దూరమునకు సరిచూచి బిగింతురు. అట్టి దానిని 10 గజముల లక్ష్యమువైపు త్రిప్పినచో, మొదట బొమ్మ మసకబాఱును. అంతకంటె ఘోరమేమనగా, కన్ను నడుమ నుండి ప్రక్కకు జరిగినప్పుడెల్ల పోగుల కూడలి లక్ష్యముపై తానును జరుగును. దీనిని పారలాక్సు అందురు. ముందటి యద్దము 40 మిల్లీమీటర్లదై, కన్ను దాని యంచువఱకు జరిగినచో, 10 గజముల వద్ద ఈ దోషము 18 మిల్లీమీటర్లకు చేరును. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో కాగితపు లక్ష్యమంతయు 45.5 మిల్లీమీటర్లు, దాని నడిమి చుక్క అర మిల్లీమీటరు మాత్రమే యనిన, ఈ దోషము ఎంతటిదో తెలియగలదు. తొమ్మిది రెట్లేకాదు, తొంబది రెట్లు పెంచి చూపినను దోషము దోషముగనే మిగులును.

నా ముందటి యద్దము చుట్టును తిరుగు వలయమొకటి కలదు. దానిపై దూరములు అంకెలలో చెక్కబడియున్నవి. నా యజమాని నన్ను అంగడి బల్లపై రెండు పుస్తకముల నడుమ కదలకుండ నిలిపి, వీథికి ఆవల నున్న దుకాణపు పలకపై చూపు నిలిపెను. మొదట గుజరాతీ అక్షరములు పాలలో తడిసినట్లుండెను. అతడు వలయమును మెల్లమెల్లగ 10 అంకె దగ్గఱకు త్రిప్పగా, అక్షరపు అంచులు తీఱెను. పిదప రంగులోని వెండ్రుకవంటి పగులు గోచరించెను. ఆ పగులులో పేరుకొనిన ధూళియు గోచరించెను. అంతటితో అతడు తృప్తిపడలేదు. నన్ను ముట్టక, తల మాత్రము ఎడమకును కుడికిని, పైకిని క్రిందికిని కదల్చి చూచెను. పోగుల కూడలి ఆ పగులును వదలలేదు. అప్పుడు దీర్ఘకాయుని సైతము అట్లే పరీక్షించిరి. అతని వలయము ఎంత త్రిప్పినను, అంత దగ్గఱి పలక ఇరువదినాలుగు రెట్ల వద్ద తేటపడలేదు. కూతురు మాఱుమాటాడక నన్ను చేతికి తీసికొనెను.

పెంపు అధికమగుకొలది వెలుతురు తగ్గును. నా 40 మిల్లీమీటర్లను రెట్లచేత భాగించినచో కంటికి చేరు కాంతిదండపు వెడల్పు వచ్చును: మూడు వద్ద అది 13 మిల్లీమీటర్లకు మించును, తొమ్మిది వద్ద 4.4, అదే యద్దమునకు ఇరువదినాలుగు రెట్లు తగిలించినచో 1.7 మాత్రమే. చెఱకుతోట నీడలో, సాయంసమయమున, కనుపాప విచ్చుకొని యడుగు వెలుతురును ఆ సన్నని దండము ఈయజాలదు. కన్ను వెండ్రుకవాసి కదలినను బొమ్మ నల్లబడును. నా దండము ఉదారమైనది. తల కొంచెము తప్పుగ పెట్టినవానిని కూడ క్షమించును.

ఇక నేను భరింపవలసిన దెబ్బను గూర్చి చెప్పెదను. స్ప్రింగు గాలితుపాకి చూచుటకు సాధువు. దుర్భిణుల పాలిటికి మాత్రము క్రూరము. మీట నొక్కగానే లోపలి ముషలకము ముందునకు దూకును, తుపాకి వెనుకకు తన్నును. మఱుక్షణమున ముషలకము తన యెదుట నొత్తుకొనిన గాలిని ఢీకొని యాగును, తుపాకి ముందునకు తన్నును. సాంచెలో నాడె రెండు కొసలను కొట్టుకొనునట్లు, ఒక్క వేటులోనే రెండు దిక్కుల తాకిడి నాకు తగులును. మందుగుండు తుపాకి యొక్క తాకిడి ఒక దిక్కునకే గావున, దానికై చేసిన దుర్భిణి, పెద్ద తుపాకులపై ఏండ్ల తరబడి నిలిచినను, దీనిపై కటకములు కదలి, పోగులు తెగి, త్వరలోనే పాడగుట కలదు. నా లోపలి కటకములు రెండువైపుల బిగింపబడియున్నవి. కొనువారు అమ్మువానిని స్ప్రింగు తుపాకికి తగునా యని సూటిగ నడుగవలయును. నన్ను తుపాకికి పట్టియుంచు పట్టీలు కూడ ఆ తాకిడికి వెనుకకు జాఱుచుండును గావున, మేస్త్రీ తుపాకిపైనున్న 11 మిల్లీమీటర్ల గాడిలో వెనుకపట్టీకి ఆనుకొనునట్లు అడ్డు నొకదానిని బిగించి, మరలను ఒకదానితరువాత ఒకటి, సమముగ, కొంచెము కొంచెముగ తిప్పెను. సాంచె పనివాని చేతికి ఈ మర్మము ఒకరు చెప్పవలసిన పనిలేదు.

చేనిలో నాకు గురి కుదుర్చునప్పుడు కూతురు నన్ను తొమ్మిదికి త్రిప్పి చూచి, “బాపూ, గిది వణుకుతంది” అనెను. వణకును నేను పుట్టింపను. చేతిలోను ఊపిరిలోను నాడిలోను ఉన్న వణకును పెంచి చూపుదును. దానిని చూచినవాడు కూడలి లక్ష్యముపై నిలుచు క్షణమునకై వేచి, ఆ క్షణము రాగానే మీటను గుంజును. ఆ గుంజుటయే వేటును చెఱచును. తండ్రి నా పెంపు వలయమును ఆఱు దగ్గఱ నిలిపి, “గిప్పుడు సూడు, మెల్లగ ఒత్తు” అనెను. రేకు బిళ్ల గణగణ మ్రోగి వెనుకకు ఒఱగెను. తొమ్మిది నాలో నుండుట కాగితముపై పడిన సన్నని రంధ్రములను లెక్కించుటకు. మూడు నాలో నుండుట దగ్గఱి బిళ్లను త్వరగ వెదకి పట్టుటకు. ఆఱు నాలో నుండుట కొట్టుటకు. మాఱు పెంపు గల దుర్భిణికి గల ప్రయోజన మిదియే.

ఈ నగరమునకు ఈ నీతి క్రొత్త కాదు. వరాఛాలోను మహీధర్‌పురాలోను వజ్రములను సానబట్టి యమ్ము లక్షల చేతులకు, సూక్ష్మదర్శినులు అందుబాటులో నున్నను, వజ్రపు స్వచ్ఛతను నిర్ణయించు కొలబద్ద పది రెట్ల భూతద్దమే. నిపుణుని కంటికి ఆ పది రెట్లలో కనబడని మచ్చను లోకమందలి వజ్రవర్తకము మచ్చగ లెక్కింపదు. అంతకుమించి పెంచినచో ప్రతి రాయిలోను ఏదో యొకటి కనబడును. అప్పుడు మంచి రాయికిని చెడ్డ రాయికిని భేదము చెప్పుట దుర్లభమగును. పరీక్షింపవలసిన దానికి తగినంత పెంపును ఏర్పఱచుకొని, దానియందే కంటిని తీర్చిదిద్దుకొనుటను ప్రావీణ్యమని ఈ నగరము ఏనాడో నిర్ణయించినది.

నాకు చోటులేని రంగములను కూడ నేను గౌరవింతును. ఒలింపిక్ పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో దుర్భిణి నిషిద్ధము. 2008లో బీజింగున అభినవ్ బింద్రా స్వర్ణమును, 2012లో లండనున హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యమును సాధించినది పెంపు లేని రంధ్రపు గురితోనే. ప్రాణులపైకి నన్ను త్రిప్పుట నాకు సమ్మతము కాదు. పిట్టలను కాచు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును నా యజమాని యింట అందఱును ఎఱుగుదురు. 4.5 మిల్లీమీటర్లకు మించిన గొట్టము గాని, 20 జౌళ్లకు మించిన శక్తి గాని గల గాలితుపాకికి 2016 నాటి ఆయుధ నియమావళి లైసెన్సు కోరుచున్నది. మా తుపాకి ఆ హద్దుకు లోబడినదే. ఐనను దాని గుండు కంటిని పోగొట్టగలదు గావున, కట్ట లేనిచోట, ఇండ్ల మిద్దెలపైన, మనుష్యులు తిరుగు దిక్కున, మా యజమాని దానిని ఎత్తడు.

దుర్భిణి కొనదలచిన పాఠకులారా, అంగడికి పోవుటకు ముందు మీరు కొట్టబోవు స్థలమునకు పోయి, దగ్గఱి లక్ష్యమును దూరపు లక్ష్యమును కొలిచి, రెండంకెలను ఒక చీటిపై వ్రాసికొనుడు. మీ తుపాకి స్ప్రింగుదో కాదో దాని క్రింద వ్రాయుడు. ఆ చీటిలోని చిన్న యంకె వద్ద నేను తేటగ చూపుదునా, తల కదల్చినను కూడలి కదలకుండునా, రెండు దిక్కుల తాకిడిని భరింతునా యని నన్ను పరీక్షింపుడు. పది మొదలు నలువది గజముల వఱకు మీ వినోదమైనచో నా మూడు మొదలు తొమ్మిది మీకు చాలును. అంతకుమించిన దూరము మీదైనచో నా దీర్ఘకాయుడైన సోదరుని నిస్సంకోచముగ తీసికొనుడు. మీ దూరమునకు తగినవానిని మీరు ఎన్నుకొనినచో, మాలో ఎవ్వరు మీ తుపాకిపై కూర్చున్నను అది మా జాతికంతకును గౌరవమే.