గుమ్మం ముందు కారు, గుమ్మం అద్దెది

ఈమధ్య మా పాయకరావుపేటలో నా ఈడువాళ్లు నలుగురు చేరితే ఒకటే మాట. ఇప్పటి కుర్రాళ్లకు పొదుపంటే తెలీదట. ఉద్యోగంలో చేరి ఏడాది తిరక్కుండా కారు కొంటారట. ముప్పై అయిదు దాటినా తలదాచుకోవడానికి సొంత గూడు ఉండదట. "మా రోజుల్లో ముందు ఇల్లు, ఆ తర్వాతే ఏదైనా" అని గట్టిగా చెబుతారు. చుట్టూ ఉన్నవాళ్లు తలూపుతారు. నేనూ ఆ రోజుల మనిషినే. రిటైరయ్యేదాకా బడిలో లెక్కలు చెప్పినవాణ్ని. మా రోజులు మంచివని నేనూ అంటాను, గొడవపడి మరీ అంటాను. కానీ లెక్క తప్పు చెబుతుంటే వింటూ కూర్చోలేను.

మా రోజుల్లో ఏం జరిగిందో ముందు సరిగ్గా చెప్పుకుందాం. 1981లో నేను స్థలం కొన్నాను. అయిదు సెంట్లు, నాలుగు వేల చిల్లర. అప్పట్లో నా జీతం నెలకు ఏడు వందల పైచిలుకు. అంటే ఆరు నెలల జీతం పెడితే స్థలం. ఆ డబ్బు కూడా నా దగ్గర లేదు. మా ఆవిడ మూడు కాసుల గాజులు తీసి ఇచ్చింది, సరిపోయింది. దస్తావేజు మీద ఎంత రాశామో అంతే ఇచ్చాం. అమ్మినాయన మా వీధి చివర రైతు, కూతురి పెళ్లికి అమ్ముకున్నాడు. మధ్యలో బ్రోకరు లేడు.

కట్టడం మాత్రం సులువు కాదు. అప్పుడు సిమెంటు బజార్లో దొరికే సరుకు కాదు, పర్మిట్ మీద ఇచ్చేవారు. 1982లో కంట్రోలు కొంత సడలించాక కాస్త ఊపిరాడింది. అందాకా తాలూకా ఆఫీసు చుట్టూ తిరగాల్సిందే. అందుకే చాలామందిమి గానుగ సున్నంతోనే గోడలు లేపాం. ఇసుక తాండవ ఏట్లోంచి నాటుబండి మీద వచ్చేది. కలప నర్సీపట్నం అడితిలో కొని తెచ్చుకున్నాం. ముందు పెంకు వేశాం, పదేళ్ల తర్వాత శ్లాబు. చిట్టీ పాడితే ఒక గది, డీఏ బకాయిలొస్తే ఇంకో గది. గచ్చు చేయని ఇంట్లోనే పిల్లలు పెరిగారు. ఇల్లు కట్టి చూడు అని ఊరికే అనలేదు పెద్దలు. కష్టం నిజం. అయితే ఆ కష్టం మా చేతికి అందే ఎత్తులో ఉంది. ఆరు నెలల జీతంతో కాళ్ల కింద నేల వచ్చేసింది. మిగిలిందంతా నెమ్మదిగా ఇటుక మీద ఇటుక.

ఇప్పుడు ఆ మూడు కాసులు అమ్మి చూడండి. బంగారం పది గ్రాములు లక్ష దాటింది. రెండున్నర లక్షలు దాటి చేతికొస్తుంది, చిన్న డబ్బు కాదు. కానీ ఆ డబ్బుతో అదే వీధిలో ఒక్క సెంటు కూడా రాదు. బంగారం పెరిగింది, బంగారం కంటే నేల పెరిగింది, జీతం ఈ రెండింటికీ వెనకబడింది. ఇదీ అసలు సంగతి. కుర్రాడు కాఫీలు తాగినందుకూ, సెల్‌ఫోన్ మార్చినందుకూ ఇల్లు రాకుండా పోలేదు.

ఇక కారు. మా రోజుల్లో ఊళ్లో కారంటే అంబాసిడరే. ఏ డాక్టరుకో, ఏ మిల్లు యజమానికో ఉండేది. స్కూటరు కావాలన్నా బజాజ్ చేతక్ కోసం డబ్బు కట్టి ఏళ్లకు ఏళ్లు ఎదురుచూసేవాళ్లం. పెళ్లి సంబంధాల్లో స్కూటరు బుకింగ్ కాగితం కూడా ఒక ఆస్తిగా చెప్పుకున్న రోజులవి. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది, ఇందిరాగాంధీ తాళం చెవి ఇస్తున్న ఫొటో అందరూ పేపర్లో చూశాం. ధర యాభై వేలకు కాస్త అటూ ఇటూ. అప్పటి బంగారం లెక్కలో పాతిక తులాలకు పైనే. నా బోటి పంతులికి అయిదారేళ్ల జీతం మొత్తం పెట్టాలి. అందుకే కొనలేదు. అదేదో మేము నిగ్రహించుకున్నామని ఇప్పుడు చెప్పుకోవడం నాకు నచ్చదు. అందని కారును వద్దనుకోవడంలో గొప్పేముంది?

ఇవాళ చిన్న కారు ఏదైనా చూడండి. 2025 సెప్టెంబరులో చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దించారు. ఆ తర్వాత షోరూం ధర నాలుగు లక్షల లోపే మొదలయ్యే బండ్లున్నాయి. అప్పుడు పాతిక తులాల బండి, ఇప్పుడు నాలుగు తులాల బండి. నేల ఒక దిక్కుకు పరిగెత్తితే, కారు ఇంకో దిక్కుకు నడిచొచ్చింది. లైఫ్ ట్యాక్సు, బీమా, పెట్రోలు, టోల్‌గేటు అన్నీ కలిస్తే ఆ కారు చౌకేమీ కాదని నాకూ తెలుసు. అయినా కుర్రాడి చేతికి అందేది అదొక్కటే.

ఇప్పుడు నెలవారీ లెక్క వేద్దాం, ఇది నా సొంత సబ్జెక్టు. ఆరు లక్షలు కారు లోను, తొమ్మిది శాతం వడ్డీ, ఏడేళ్లు. నెలకు తొమ్మిది వేల ఆరు వందల చిల్లర. ముప్పై లక్షలు ఇంటి లోను, ఎనిమిదిన్నర శాతం వడ్డీ, ఇరవై ఏళ్లు. నెలకు ఇరవై ఆరు వేలు. ఇరవై ఏళ్లలో కట్టేది మొత్తం అరవై రెండు లక్షల పైమాట. మా పేట చుట్టుపక్కల, నక్కపల్లి దాకా, మందుల కంపెనీల్లో షిఫ్టులు చేసే పిల్లల్ని అడిగాను. పాతిక వేలు చేతికొస్తే మంచి జీతం కిందే లెక్క. కాంట్రాక్టు కింద ఉన్నవాడికి అదీ లేదు. జీతం కంటే ఎక్కువైన వాయిదాకి ఏ బ్యాంకు సంతకం పెడుతుంది? భార్య కూడా ఉద్యోగం చేస్తే ఏదో ఒకటి కుదురుతుంది. ఇద్దరూ పనికి పోతే పిల్లల్ని చూసేదెవరన్నది మళ్లీ ఇంకో ఖర్చు.

బ్యాంకు దగ్గర ఇంకో చిక్కుంది. దాన్ని గురించి మా వాళ్లు ఎవరూ నోరు విప్పరు. స్థలం ధర మనూళ్లలో రెండు రకాలు. కాగితం మీద రాసేది ఒకటి, చేతులు మారేది ఒకటి. మిగతాది నోట్ల కట్టల్లో ఇవ్వాలి. బ్యాంకు కాగితం చూసి అప్పిస్తుంది. కట్టలు ఎక్కడినుంచి రావాలి? మామగారి పొలం అమ్మిన డబ్బున్నవాడికి వస్తాయి, వ్యాపారం ఉన్నవాడికి వస్తాయి. నెల మొదట్లో జీతం, ఆ జీతంలో పీఎఫ్ కోత, అన్నీ బ్యాంకు ఖాతాలోనే కనపడే కుర్రాడికి ఎక్కణ్నుంచి వస్తాయి? నిజాయితీగా పన్ను కోసుకున్న జీతగాడే ఈ బేరంలో బయటివాడు. కొనుగోలు ఖర్చు చాలదన్నట్టు రిజిస్ట్రేషన్‌కి స్టాంపు డ్యూటీ, బదిలీ పన్ను, ఫీజు కలిపి ఏడున్నర శాతం. అది కూడా చేతి డబ్బే.

నేల ఎందుకు ఇలా పరిగెత్తింది? మా కళ్ల ముందే జరిగింది కాబట్టి చెబుతాను. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లా వచ్చింది, ధర ఒక మెట్టెక్కింది. నక్కపల్లిలో రెండు వేల ఎకరాల బల్క్ డ్రగ్ పార్కు అన్నారు, 2025 జనవరిలో ప్రధానమంత్రి విశాఖ సభ నుంచి శంకుస్థాపన చేశారు, ఇంకో మెట్టు. ఆర్సెలార్ మిత్తల్, నిప్పాన్ స్టీల్ వాళ్ల ఉక్కు ఫ్యాక్టరీ మాట వచ్చింది, రాత్రికి రాత్రే హైవే వెంబడి ఫ్లెక్సీలు లేచాయి. ఫ్యాక్టరీలో పొగ రాకముందే, ఒక్క కుర్రాడికి అపాయింట్‌మెంట్ కాగితం రాకముందే, రేపు అక్కడ పని చేయబోయేవాడు కొనలేనంత ధర ఇవాళే వచ్చేసింది. ఉద్యోగం దారిలో ఉంది, ధర మాత్రం వచ్చి కూర్చుంది. అదే పార్కు కోసం ఊళ్లు, సముద్రం పోతాయని రాజయ్యపేట మత్స్యకారులు రోడ్డెక్కారు. వాళ్ల గోడు వేరే రాయాలి, రాస్తాను.

దానికి తోడు డాలర్లు. 1983లో డాలరు పది రూపాయలు. ఇప్పుడు తొంభై దగ్గర. అమెరికాలో ఉన్న మన పిల్లల్ని నేనేమీ అనను, కష్టపడే సంపాదిస్తున్నారు. అక్కడ కూడా తొలిసారి ఇల్లు కొనేవాడి మధ్యగత వయసు నలభైకి చేరిందని అక్కడి రియల్టర్ల సంఘమే 2025లో లెక్క చెప్పింది, 1980ల్లో అది ముప్పై లోపు ఉండేదట. అంటే వాళ్లకూ బాధే. కానీ వాళ్లు పంపిన డబ్బుతో ఇక్కడ తండ్రి కొన్న స్థలం ఏమవుతోంది? నాలుగు మూలలా రాళ్లు, చుట్టూ ముళ్లకంచె, లోపల సర్కారు తుమ్మ. ఎవరూ ఉండరు, ఎవరికీ అద్దెకివ్వరు. "పడుంటుంది లెండి మేష్టారూ, తిండి అడుగుతుందా?" అంటారు. తిండి అడగదు నిజమే. పక్క వీధిలో ఇద్దరు పిల్లలతో ఒంటిగదిలో అద్దెకుండేవాడి తిండిలోంచి తింటుంది.

అసలు ఇల్లంటే మా రోజుల్లో ఏమిటి? మా పేటలో నేతవాళ్ల ఇళ్లు చూసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ముందు గదిలో గుంట మగ్గం, పక్కనే ఆసు పోసే చోటు, వెనక వంటిల్లు. ఇల్లే కార్ఖానా. ఆ నేల పోతే మనిషికి పనే పోయినట్టు. మా చుట్టుపక్కల తమలపాకు తోటలు, వరిచేలు కూడా అలాంటివే, వాటి మీద బతుకు ఉండేది. ఇప్పుడు స్థలం మీద ఎవరూ బతకరు, స్థలం పెరుగుతుందని మాత్రం బతుకుతారు. తోట తీసేసి ఎర్రమట్టి రోడ్డు పోసి తోరణం కట్టిన లేఅవుట్ ఎదురుపడినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. ఆ నంబరు రాళ్లలో సగం ఏళ్ల తరబడి రాళ్లుగానే ఉంటున్నాయి. పంట పోయింది, ఇల్లు రాలేదు.

మరి గవర్నమెంటు ఇళ్లివ్వడం లేదా అంటారు. ఇస్తోంది, కాదనను. 2020 డిసెంబరు 25న పక్కనే అప్పటి తూర్పు గోదావరిలో కొమరగిరి నుంచి మొదలుపెట్టి రాష్ట్రమంతా ముప్పై లక్షల పట్టాలన్నారు. పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. సెంటంటే నలభై ఎనిమిది గజాలు. మంచం వేస్తే మనిషి, మనిషి నిలబడితే మంచం బయట. ఆ తర్వాత వచ్చినవాళ్లు పల్లెల్లో మూడు, పట్టణాల్లో రెండు అన్నారు, సంతోషం. కానీ నేను చెబుతున్న కుర్రాడు ఆ జాబితాలో ఉండడు. వాడికి కారుంది, పీఎఫ్ ఉంది, అందుకని పేదవాడు కాడు. సొంతంగా కొనడానికి డబ్బు లేదు, అందుకని ఉన్నవాడూ కాడు. ఆ కారు పేరు చెప్పి రేషన్ కార్డు పోయినవాళ్లను నేనెరుగుదును.

ఇక్కడే మా రోజుల గురించి నిజంగా గొంతెత్తి చెప్పాల్సిన మాటొకటి ఉంది. మా తరం ఏమీ ఒంటరిగా ఇళ్లు సంపాదించలేదు. విశాఖ ఉక్కు ఫ్యాక్టరీకి 1971లో శంకుస్థాపన చేశారు. ఫ్యాక్టరీతోపాటు ఉక్కునగరం కట్టారు. క్వార్టర్లు, బడులు, ఆస్పత్రి, నీళ్లు, చెట్లు. నా శిష్యులు కొందరు అక్కడ చేరి క్వార్టరులో ఉంటూ ఇరవై ఏళ్లు మిగిల్చి, ఆ మిగులుతో బయట ఇల్లు కట్టుకున్నారు. ప్రభుత్వోద్యోగులకు ఇల్లు కట్టుకోవడానికి అడ్వాన్సు ఉండేది. పని ఇచ్చేవాడు గూడు గురించి కూడా ఆలోచించడం అప్పట్లో మామూలు సంగతి. ఇప్పుడు కంపెనీ బస్సు పంపుతుంది, బస్సెక్కేవాడు ఎక్కడ పడుకున్నాడో దానికి పట్టదు.

అందుకే నేను అడిగేది రెండే. నక్కపల్లిలో ఉక్కు కంపెనీకీ, మందుల పార్కుకీ వేల ఎకరాలు ఇస్తున్నారు కదా. అందులో కొంత భాగం పనివాళ్ల ఇళ్లకని ఒప్పందం కాగితంలోనే రాయించాలి, కాంట్రాక్టు వాడికి కూడా వర్తించేలా. అద్దె క్వార్టరైనా సరే, అమ్ముకునే హక్కు లేకపోయినా సరే. రెండోది, మున్సిపాలిటీల్లో ఖాళీ స్థలం పన్ను ఉన్నట్టే, మా పంచాయతీలో కూడా లేఅవుట్లలో కంచె వేసి వదిలేసిన ప్రతి గజానికీ ఏటేటా పన్ను వేయాలి, అది కూడా కుట్టేటట్టు వేయాలి. ఆ పన్నుకి నా తోటివాళ్లకు కోపం వస్తుంది. రానివ్వండి. మూడేసి, నాలుగేసి స్థలాలు పెట్టుకుని "పిల్లలకు పొదుపు తెలీదు" అనేవాళ్లు, అందులో ఒకటి కాగితం ధరకూ చేతి ధరకూ తేడా లేకుండా, మొత్తం చెక్కు మీద, బ్యాంకు లోను వచ్చేలా ఒక కుర్రాడికి అమ్మమనండి. కొనేవాణ్ని నేను తీసుకొస్తాను. మా బళ్లో లెక్కలు నేర్చుకున్నవాళ్లే పదిమంది ఉన్నారు, వాయిదా ఒక్క నెల తప్పరు.