డమ్మీ గారికి 5 స్టార్లు

కార్ల భద్రతను కొలిచే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో కూర్చునే డమ్మీ అంత బుద్ధిమంతుడు మన రోడ్ల మీద దొరకడు. బెల్టు కడితే కట్టించుకుంటాడు. ‘ఇక్కడిదాకేగా, ఎందుకులే’ అనడు. వెనక సీట్లో ఏడాదిన్నర, మూడేళ్ల పిల్ల డమ్మీలు చైల్డ్ సీట్లలో కదలకుండా ఉంటాయి. అమ్మ ఒడి కావాలని ఏడవవు, సన్‌రూఫ్‌లోంచి తలలు బయటపెట్టి కేకలేయవు. గంటకు 64 కిలోమీటర్ల వేగంతో కారును గుద్దించాక వచ్చే స్టార్లు నిజానికి ఆ కుటుంబం సంపాదించినవి. షోరూం మెట్లెక్కి మనం వాటిని మన ఖాతాలో వేసుకుంటాం.

పెద్దల రక్షణకు 32 మార్కులు, పిల్లలకు 49. ఎంసెట్ నాటి నుంచీ మార్కులంటే మనకు ప్రాణం కాబట్టి దశాంశాల దాకా పోలుస్తాం. పోల్చాక కొనేది వేరే సంగతి. 2022లో గ్లోబల్ ఎన్‌క్యాప్ గుద్ది చూస్తే స్కోడా కుషాక్‌కు 5 స్టార్లు, హ్యుందాయ్ క్రెటాకు 3 వచ్చాయి. ఆ ఏడాది మిడ్‌సైజు ఎస్‌యూవీల అమ్మకాల్లో ఫస్టు ర్యాంకు మాత్రం క్రెటాదే. సన్‌రూఫ్‌కు మార్కులు వేసే సంస్థ ఇంకా పుట్టలేదు గానీ, ఆ పరీక్ష ఇంటింటా జరుగుతూనే ఉంది.

కారు పూజ కాగానే యాక్సెసరీల దుకాణానికి ప్రయాణం. బెల్టు పెట్టుకోకపోతే అరిచే అలారం ముందు సీట్లకు 2019 జులై నుంచి తప్పనిసరి. దాని నోరు మూయించడానికి ఓ చిన్న క్లిప్పు. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ అయిదు ఆన్‌లైన్ దుకాణాల నుంచి ఇలాంటి 13,118 క్లిప్పుల ప్రకటనలు తీయించింది. ఆరు ఎయిర్‌బ్యాగులకు లక్షలు పోసిన చేత్తోనే వాటిని పనికిరాకుండా చేసే ముక్క కొనడం మన ప్రత్యేకత. బెల్టు లేని మనిషి ముందుకు ఎగిరిపడుతుంటే, రెప్పపాటులో ఉబ్బే ఆ బ్యాగు అతనికి దిండు కాదు, మొహానికి ఎదురొచ్చే పిడికిలి. కేంద్రం 2017లో నిషేధించిన బుల్ గార్డు కూడా తగిలిస్తే ఇక తిరుగులేదు: నలిగి దెబ్బ తినాల్సిన భాగం నలగదు, సెన్సరుకు కబురు సరిగా అందదు.

2022లో బెల్టు పెట్టుకోక దేశంలో 16,715 మంది పోయారు. వారిలో సగం మంది ప్రయాణికులే. ఆ ఏడాది సెప్టెంబరులోనే బెంజి ఎస్‌యూవీ వెనక సీట్లో బెల్టు లేకుండా కూర్చున్న పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ ప్రమాదంలో చనిపోయారు. కొన్నాళ్లపాటు జనమంతా వెనక బెల్టు బకిల్ ఎక్కడుందా అని వెతికారు. సీటు కవర్ల కింద దొరికింది. మళ్లీ కప్పేశారు.

పరీక్షలో వేగం 64. హైదరాబాద్ అవుటర్ మీద పరిమితి 120, అంటే గుద్దుకునే శక్తి మూడున్నర రెట్లు. ఈ లెక్క చెబితే మా బావగారు నవ్వారు. ‘మనది డ్రైవరుకు సాయం చేసే ఏడాస్ ఉన్న టాప్ మోడల్ బావా, అదే బ్రేకేస్తుంది’ అన్నారు. వేసింది కూడా. అడ్డంగా వచ్చిన బైకును చూసి తనంతట తానే ఆగిందని ఆయనకు ఒళ్లు మండి, ఆ సాయంత్రమే సెట్టింగుల్లో దాన్ని ఆపించేశారు. వెనక డిక్కీ మీద ఏడాస్ అన్న అక్షరాలకు మాత్రం వారంవారం పాలిష్ పెట్టిస్తున్నారు.